బైక్‌ను ట్రక్ ఎక్కించాలంటే ముందు క్లచ్ మీద చెయ్యి కుదరాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బండి బరువు 190 కిలోలు, పికప్ తొట్టిలోకి ఎక్కించాలి, మీరు కాక తోడుగా ఇంకొకరే ఉంటారు. ఫ్రెండేమో "ఫస్ట్ గేర్ వేసి ఊపుగా ఎక్కించెయ్, మధ్యలో ఆగితేనే ప్రమాదం" అంటున్నాడు. దానికి తోడు యూ టర్న్‌లో, ట్రాఫిక్‌లో పాకేటప్పుడు మీకు తెలియకుండానే కాలు కిందికి వచ్చేస్తోంది. మీరు వీటిని రెండు ప్రశ్నలుగా అడిగారు గానీ నా లెక్కలో రెండూ ఒకటే. నడక వేగంలో బండిని క్లచ్‌తో ఆడించడం వచ్చినవాళ్లకి ర్యాంప్ పెద్ద పని కాదు, అది రానివాళ్లకి ఎంత మంచి ర్యాంప్ తెచ్చినా టెన్షన్ తప్పదు.

ముందు ఫ్రెండ్ సలహా సంగతి చూద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. తొట్టి పొడవు రెండున్నర మీటర్లు అనుకుంటే, ముందు చక్రం తొట్టి అంచు దాటాక ఎదుటి గోడను తాకడానికి అర సెకను కూడా ఉండదు. ఆపాలి అని తట్టి, వేళ్లు బ్రేక్ మీద బిగుసుకోవడానికే మనిషికి దాదాపు ఒక సెకను పడుతుంది, ఇక మిగతాది మీరే ఊహించుకోండి. అదే గంటకు 5 కిలోమీటర్లు, అంటే మామూలుగా నడిచే వేగంలో వెళ్తే రెండున్నర మీటర్ల ర్యాంప్ ఎక్కడానికి పట్టేది రెండు సెకన్ల లోపే. రెండు సెకన్ల పనికి అంత ఊపు దేనికండీ? మధ్యలో ఆగకూడదు అన్న మాట వరకూ మాత్రం ఆయన చెప్పింది నిజమే. దానికి మందు వేగం అనుకోవడమే తప్పు.

ఇంకోటి, అసలు బండి మీద కూర్చుని ఎక్కించొద్దు. ర్యాంప్ వెడల్పు చాలావాటికి 30 సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, సగం దూరం ఎక్కేసరికి మీ ఫుట్‌రెస్ట్ కింద నేల అరమీటరు దాకా దిగిపోయి ఉంటుంది. అక్కడ బండి ఏ కాస్త ఒరిగినా కాలు పెట్టడానికి ఏమీ ఉండదు, మీరూ బండీ కలిసే పడతారు. మీకు ఎలాగూ కాలు దించే అలవాటు ఉంది కాబట్టి ఇది మరీ చెప్పాల్సి వస్తోంది. ఇంజన్ స్టార్ట్ చేసి, మీరు బండికి ఎడమ పక్కన నడుస్తూ, ఫస్ట్ గేర్‌లో హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ లివర్ సగమే వదిలి, దాన్ని ఎక్కించడమే నేను చెప్పే పద్ధతి. బరువు లాగేది ఇంజన్, మీరు నిటారుగా పట్టుకుంటే చాలు.

ఇప్పుడు ర్యాంప్. ఎంత బరువు మోస్తుంది అని అందరూ అడుగుతారు, అడగాల్సిందే, బండి రెండు చక్రాలూ ఒకేసారి దాని మీద ఉంటాయి కాబట్టి మొత్తం బరువుకి తట్టుకోవాలి. కానీ అంతకంటే ముందు అడగాల్సింది పొడవు. తొట్టి నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 2 మీటర్ల ర్యాంప్ వేస్తే వాలు 23 డిగ్రీలు దాటిపోతుంది, మీ 190 కిలోల బండి అక్కడ వెనక్కి జారకుండా ఉండాలంటే 76 కిలోల బలం కావాలి. ర్యాంప్ రెండున్నర మీటర్లదైతే అది 61కి దిగుతుంది, 3 మీటర్లదైతే 51కి. ఎత్తుని పొడవుతో భాగించి బరువుతో గుణిస్తే వచ్చే లెక్క ఇది, మీ కొలతలతో మీరే వేసుకోవచ్చు. ఇంజన్ ఆపేసి ఇద్దరం తోసేద్దాం అనుకునేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

పొడవాటి ర్యాంప్ దొరక్కపోతే స్థలం వెతకండి. పికప్ వెనక చక్రాలు కాస్త పల్లంలో ఉండేలా, లేదా ర్యాంప్ కింది కొస గట్టు మీద ఆనేలా బండ్లని నిలబెడితే తేడా ఒక 30 సెంటీమీటర్లు వచ్చినా చాలు, ఎత్తు 80 నుంచి 50కి పడిపోయి అదే రెండున్నర మీటర్ల ర్యాంప్ మీద 61 కిలోల పని 38 కిలోలకి వచ్చేస్తుంది. అందరూ ర్యాంప్ కోసం ఊరంతా తిరుగుతారు గానీ పక్కనే ఉన్న గట్టుని చూడరు.

వాలు ఎక్కువైతే ఇంకో చిక్కు కూడా ఉంది. ముందు చక్రం తొట్టిలోకి చేరి వెనక చక్రం ఇంకా ర్యాంప్ మీదే ఉన్నప్పుడు, మధ్యలో ఉన్న ఆ అంచు ఇంజన్ అడుగుకి తగులుతుంది. రెండు చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లు ఉన్న బండికి, పైన చెప్పిన 2 మీటర్ల ర్యాంప్ మీద, అంచు దాదాపు 15 సెంటీమీటర్లు పైకి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. మీ బండి గ్రౌండ్ క్లియరెన్సే (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) అంత ఉంటే సైలెన్సరో, సెంటర్ స్టాండో అక్కడ ఇరుక్కుంటుంది, అదీ సరిగ్గా బండి ఎటూ ఆగలేని చోట. రెండున్నర మీటర్ల ర్యాంప్ మీద అది 11, 12 సెంటీమీటర్లకి తగ్గుతుంది. మధ్యలో కాస్త పైకి వంపు తిరిగి ఉండే ర్యాంప్‌లు ఉంటాయే, అవి అలా చేసింది ఇందుకే.

ర్యాంప్ పై కొసని పికప్ బాడీకి బెల్టుతో కట్టకుండా చక్రం ఎక్కించొద్దు. ఇందులో బేరం లేదు. మీరు ఒక్కసారిగా రేస్ ఇచ్చారంటే వెనక చక్రం బండిని ముందుకి తోస్తూనే ర్యాంప్‌ని వెనక్కి తన్నుతుంది, కట్టని ర్యాంప్ అంచు మీద నుంచి జారి పడేది అప్పుడే. పికప్ హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, చక్రాలకి రాళ్లో దిమ్మలో అడ్డం పెట్టండి. వెనక డోర్ పూర్తిగా కిందికి వేలాడేలా దించగలిగితే దించేసి ర్యాంప్‌ని తొట్టి అంచు మీదే ఆనించండి, గొలుసుల మీద నిలబడే డోర్‌ని నమ్ముకోవడం నాకు నచ్చదు. చెక్క పలకైనా, ఇనుప రేకైనా తడిగా ఉంటే ఆ రోజుకి పని వాయిదా వేయండి, లేదా పొడిగా తుడిచాకే మొదలుపెట్టండి.

చాలామంది మర్చిపోయేది తాము ఎక్కడ నడుస్తామన్నది. బండి ర్యాంప్ మీద పైకి పోతుంటే మీరు నేల మీదే ఉంటే చివరికి హ్యాండిల్ మీ తల ఎత్తులో ఉంటుంది. మీకోసం పక్కనే ఇంకో పలకో, కనీసం కదలని గట్టి పెట్టె ఒకటో మెట్టులా ఉండాలి. ఎక్కడ అడుగు వేసి ఎక్కడ ఎక్కాలో బండి లేకుండా ఒకసారి నడిచి చూసుకోండి. చూసేవాళ్లు నవ్వుకుంటారేమో, నవ్వుకోనివ్వండి.

ఇక అసలు విషయం. ర్యాంప్ మీద బండి ఆగిపోతే ముందు చక్రం బ్రేక్ పట్టుకుని నిలబెట్టేద్దాం అనుకుంటారు ఎవరైనా. చదునైన రోడ్డు మీద అలవాటు అదే కదా. కానీ వాలు మీద బరువంతా వెనక్కి వాలిపోతుంది. రెండు చక్రాల మధ్య 140 సెంటీమీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తు అనుకుని లెక్క వేస్తే, రెండున్నర మీటర్ల ర్యాంప్ మీద ముందు చక్రం మీద పడేది సుమారు 65 కిలోలు, వెనక చక్రం మీద సుమారు 115. బండిని వెనక్కి లాగేది 61 కిలోలు. 65 కిలోలతో నొక్కుకుని ఉన్న టైరు పొడి చెక్క మీద కూడా 61 కిలోలని ఆపడం కష్టం. చక్రం తిరగదు, తిరక్కుండానే వెనక్కి జారుతుంది. జారే చక్రానికి హ్యాండిల్ మాట వినదు, పక్కకి తిరిగిపోతుంది, బండి పడిపోతుంది. బ్రేకు పట్టుకునే ఉన్నాను కదా, ఎలా పడింది అని తర్వాత అందరూ ఆశ్చర్యపోతారు.

కాబట్టి ఆపాల్సింది వెనక చక్రాన్ని. వెనక బ్రేక్ కుడి కాలి దగ్గర ఉంది, మీరేమో ఎడమ పక్కన నడుస్తున్నారు, అందదు. అందేది క్లచ్ ఒక్కటే. ఇంజన్ ఆగిపోయి, గేర్‌లో ఉండి, క్లచ్ వదిలేసి ఉంటే వెనక చక్రం ఇంజన్‌కి బిగిసిపోయి కదలదు. అదే మీ బ్రేకు. ఇక్కడ మన అలవాటు మనకే శత్రువవుతుంది: ఇంజన్ గుర్రుమని ఆగిపోతుందనగానే చెయ్యి తనంతట తానే క్లచ్‌ని నొక్కేస్తుంది. రోడ్డు మీద అది సరే. ర్యాంప్ మీద క్లచ్ నొక్కారంటే ఆ క్షణాన వెనక చక్రాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు, బండి మొత్తం మీ మీదకి దిగుతుంది. అందుకని బండి ముందుకి దూకబోతే క్లచ్ నొక్కండి, బండి ఆగబోతే క్లచ్ వదిలేయండి. చేతికి ఈ రెండూ ఆలోచించకుండా వచ్చేదాకా చదును నేల మీద సాధన చేయాలి, ర్యాంప్ మీద నేర్చుకుందాం అంటే కుదరదు.

ఆగిపోయాక అక్కడే మళ్లీ స్టార్ట్ చేసి ఎక్కించాలని చూడకండి. క్లచ్ వదిలేసి, ముందు బ్రేక్ కూడా పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, ఇంజన్ ఆఫ్‌లోనే క్లచ్‌ని కొంచెం కొంచెం నొక్కుతూ వదులుతూ కిందికి దింపేయండి. కింద మళ్లీ మొదలు.

మీ కుడి చేతి గురించి కూడా చెప్పాలి. పక్కన నడిచేటప్పుడు బండి ఒక్క కుదుపు కుదిపితే, చెయ్యి వెనకపడి మణికట్టు కిందికి వంగుతుంది, యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది, బండి ఇంకా లాగుతుంది. దీన్ని తప్పించుకోవడానికి మణికట్టుని ముందే కాస్త కిందికి దించి పట్టుకోండి, రెండు వేళ్లు బ్రేక్ లివర్ మీద ఉంచండి. రేస్ ఒకేలా నిలబెట్టి, ఎంత వేగం కావాలన్నది ఎడమ చేత్తోనే తేల్చుకోండి. కుడి తొడ ట్యాంక్‌కో సీటుకో ఆనించి, బండిని మీ వైపు అణుమాత్రం ఒరిగేలా పట్టుకోండి. అవతలి వైపు ఒరిగితే మీరు ఆపలేరు. అప్పుడు ఆపాలని చూడొద్దు కూడా, వదిలేసి వెనక్కి తప్పుకోండి. ట్యాంక్ సొట్ట తీయించుకోవచ్చు.

సహాయానికి వచ్చినవాళ్లు బండి వెనకాల, ర్యాంప్ వరుసలో నిలబడకూడదు. కుడి పక్కన, వెనక సీటు దగ్గరి గ్రాబ్ రెయిల్ పట్టుకుని నిటారుగా ఉంచడానికి సాయం చేయాలి, ఇండికేటర్లూ మడ్‌గార్డూ పట్టుకుని తోయకూడదు. ఆజ్ఞలిచ్చేది ఒక్కరే ఉండాలి, క్లచ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. అన్నట్టు స్టార్ట్ చేసే ముందు సైడ్ స్టాండ్ తీశారో లేదో చూసుకోండి, చాలా బండ్లలో స్టాండ్ వేసి ఉండగా గేర్ పడితే ఇంజన్ ఆగిపోతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, నెమ్మదిగా నడపడం. వేగంగా పోతున్న బండి చాలావరకు తనని తానే నిలబెట్టుకుంటుంది. చక్రాలు బొంగరంలా తిరగడం వల్లే అది జరుగుతుందని చాలామంది నమ్మకం, కానీ 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఆ తిరుగుడు ప్రభావాన్ని రద్దు చేసేలా తయారుచేసిన చిన్న రెండు చక్రాల బండి కూడా తోస్తే పడకుండా తనంతట తానే పోగలదని చూపించారు. కీలకం ఏమిటంటే, ఎటు ఒరిగితే అటు ముందు చక్రం తిరిగి, కింద టైర్లు మళ్లీ బరువు కిందికి చేరడం. అరచేతిలో కర్రని నిలబెట్టేటప్పుడు అది ఎటు వాలితే అటు చెయ్యి జరుపుతాం చూడండి, అదే పని. నడక వేగంలో బండి ఆ పని సొంతంగా చేయలేదు, మీరే హ్యాండిల్‌తో చేయాలి, అదీ వేగంలో కంటే చాలా ఎక్కువ తిప్పుతూ. చేతులు బిగబట్టుకుని కూర్చున్నవాళ్లు పడిపోయేది అందుకే. మోకాళ్లతో ట్యాంక్‌ని గట్టిగా పట్టుకుని మోచేతులు వదులుగా ఉంచితే సగం సమస్య పోతుంది.

మిగతా సగం క్లచ్, వెనక బ్రేక్. రేస్ కొంచెం ఎక్కువే ఉంచి, హాఫ్ క్లచ్‌లో లాగిస్తూ, వెనక బ్రేక్‌ని సన్నగా నొక్కి ఉంచండి. ఇంజన్ లాగుతుంటే బ్రేక్ పట్టి ఉంచడం వల్ల గొలుసు ఎప్పుడూ బిగిసే ఉంటుంది, కుదుపులు రావు, వేగం మీ చేతిలో ఉంటుంది. క్లచ్ కాలిపోదా అంటారు. ఎక్కువ బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కాసేపు సాధనకి ఏమీ కాదు, వేడెక్కి లివర్ ఆట మారినట్టు అనిపిస్తే కాసేపు ఆపండి. ప్లేట్లు ఆయిల్‌లో లేని పొడి క్లచ్ ఉన్న పెద్ద బండ్లతో మాత్రం జాగ్రత్త.

హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ జోలికి వెళ్లొద్దు. యూ టర్న్‌లో పడిపోయేవాళ్లలో చాలామంది చేసేది ఇదే, మధ్యలో భయమేసి రేస్ తగ్గించి ముందు బ్రేక్ పట్టేస్తారు. నెమ్మదిగా తిరిగేటప్పుడు బండిని లోపలికి వాల్చి మీరు కొంచెం బయటి వైపు కూర్చోండి, చూపు మాత్రం ఎటు వెళ్లాలో అటు, భుజం మీదుగా. ముందు చక్రాన్ని చూస్తూ తిరిగితే వలయం ఎప్పటికీ చిన్నది కాదు, ఎందుకో చెప్పనక్కర్లేదు, ఒకసారి ప్రయత్నించి చూడండి తెలిసిపోతుంది.

సాధనకి కొలత కావాలంటే జపాన్ లైసెన్స్ పరీక్ష నుంచి తీసుకోండి. అక్కడ 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న సన్నటి దిమ్మె మీద బండి నడపాలి. 400 సీసీ వరకు ఉండే లైసెన్స్‌కి కనీసం 7 సెకన్లు, పెద్ద బండ్ల లైసెన్స్‌కి కనీసం 10 సెకన్లు పట్టాలి, తొందరగా దాటేస్తే మార్కులు పోతాయి, చక్రం కిందికి జారితే పరీక్ష అక్కడితో సరి. 10 సెకన్లంటే గంటకు దాదాపు ఐదున్నర కిలోమీటర్లు, మనం ర్యాంప్‌కి అనుకున్న వేగమే, వెడల్పూ ర్యాంప్‌దే. ఖాళీ స్థలంలో సుద్దతో రెండు గీతలు గీసి మొదలుపెట్టండి. 7 సెకన్లు నిలకడగా వస్తున్నాయంటే బండి దిగి, పక్కన నడుస్తూ అదే గీతల మధ్య ఇంజన్‌తో నడిపించండి. ఇది ఎవరూ చేయరు, ర్యాంప్‌కి పనికొచ్చేది మాత్రం ఇదే. తర్వాత చిన్న వాలు మీద అదే పని, కావాలని మధ్యలో ఇంజన్ ఆపి, క్లచ్ వదిలి నిలబెట్టి, వెనక్కి దింపుతూ.

తొట్టిలోకి చేరాక ముందు చక్రాన్ని ఎదుటి గోడకి ఆనించి, ఫస్ట్ గేర్‌లో ఆపేయండి. సైడ్ స్టాండ్ మీద వదిలి కట్టకండి, బండి కుదుపులకి ఎగిరి పడినప్పుడల్లా బరువంతా స్టాండ్ మీద పడి అది వంగుతుంది. ముందు రెండు బెల్టులు ఫోర్కుల్ని (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల్ని) కలిపి పట్టుకునే కింది ప్లేటు దగ్గర నుంచి, కిందికీ ముందుకీ పక్కకీ లాగేలా కట్టండి. హ్యాండిల్ చివర్ల నుంచి కడితే హ్యాండిల్ వంగొచ్చు, బ్రేక్ గొట్టాలు నలగొచ్చు. ఫోర్కులు సగం దాకా నొక్కుకునేలా, రెండు పక్కలా మార్చి మార్చి బిగించండి, పూర్తిగా నొక్కేస్తే వాటి ఆయిల్ సీళ్లకి మంచిది కాదు. వెనక రెండు బెల్టులు తోక పక్కలకి ఊగకుండా ఉంటే చాలు. బయల్దేరిన కాసేపటికి ఆపి బెల్టులు చూడండి, మొదటి కుదుపుల్లోనే వదులవుతాయి.

దింపడం ఎక్కించడం కంటే భయంగా అనిపిస్తుంది గానీ సాధన చేసి ఉంటే అదే సులువు. బండి వెనక చక్రం ముందుగా దిగాలి. ఇంజన్ ఆఫ్, ఫస్ట్ గేర్, హ్యాండిల్ తిన్నగా, మీరు ఎడమ పక్కన. క్లచ్ నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది, అంగుళం అంగుళం దింపుకోవచ్చు. ముందు బ్రేక్ తోడుగా మాత్రమే.

గేర్లు లేని స్కూటర్ అయితే ఈ క్లచ్ ఉపాయం పనిచేయదు, ఇంజన్ ఆపితే వెనక చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. అయితే వాటికి వెనక బ్రేక్ ఎడమ చేతి లివర్‌లోనే ఉంటుంది కాబట్టి పక్కన నడుస్తూనే అందుతుంది, దాన్నే వాడండి. ఎలక్ట్రిక్ బండ్లని మాత్రం పవర్ ఆఫ్ చేసి మనుషులతోనో, పై నుంచి లాగే చేతి వించ్‌తోనో ఎక్కించమంటాను. ఆగి ఉన్నప్పుడే వాటికి పూర్తి లాగుడు అందుతుంది, పక్కన నడుస్తూ ఆ యాక్సిలరేటర్‌ని సన్నగా తిప్పడం అందరి చేతికీ కుదరదు.